పేరు రాయని టోకెన్

ఆ వేసవిలో నాకు అన్నీ ముద్దొచ్చేవి. పెళ్లయి నలభై రోజులు. ఒకే కప్పులో రెండు బ్రష్‌లు భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటే వాటిని చూసి నవ్వుకునేదాన్ని. మా ఆయనది కళ్లద్దాల దుకాణం. అక్కడ పాతబడిపోయిన అక్షరాల చార్టొకటి తెచ్చి మా గది గోడకు తగిలించాడు. నేను ఆఫీసు నుంచి రాగానే ఒక కన్ను మూయించి అట్టడుగు వరుస చదవమనేవాడు. చదివితే ఒక బిస్కెట్టు, చదవలేకపోతే రెండు. "అదేం లెక్క?" అంటే "కనపడనివాళ్లకే కదా ఓదార్పు కావాలి" అనేవాడు. ఇందులో అంత మురిసిపోవడానికి ఏముందని ఎవరైనా అడిగితే చెప్పలేను. మురిసిపోయాను, అంతే.

ముందుగదిలో మాత్రం గాలి వేరుగా ఉండేది.

అత్తయ్యకు ఒక్కడే తమ్ముడు. ఆయన్ని నేను ఫోటోలోనే చూశాను. బట్టల మిల్లులో సరుకుల లిఫ్టు తాడు తెగి కిందపడ్డప్పుడు ఆయన అందులో ఉన్నాడు. అప్పటికి రెండేళ్లయింది. గుడ్డల బేళ్లు పరిమితికి మించి ఎక్కించాడు, తప్పంతా అతనిదేనని మిల్లువాళ్లు రాసేసుకున్నారు. ఆ లిఫ్టు చూసుకునే మెకానిక్కు మా మామయ్యే. ప్రమాదం జరిగిన నెలలోనే ఉద్యోగం మానేశారు. ఎందుకు మానేశారని ఎవరూ అడగలేదు. బావమరిది పోయిన చోట ఎవరు మాత్రం పనిచేస్తారు?

ఆ ఏడు వేసవిలో ఆ ప్రమాదం మీద మళ్లీ విచారణ మొదలైంది. తెలిసినవాళ్లెవరైనా వాంగ్మూలం ఇవ్వొచ్చు, కాగితాలు తీసుకోం, వెబ్‌సైట్‌లోనే రాయాలి, నెలాఖరు గడువు అన్నారు. ఆ వెబ్‌సైట్ తయారుచేసింది మా ఆఫీసే. ఆ సంగతి విన్నప్పుడు అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకుని, "మంచి ఇంటికే వచ్చావు నువ్వు" అంది. మంచి పిల్ల వచ్చిందనాలి కదా అని నేనూ ఆయనా గదిలోకెళ్లి నవ్వుకున్నాం.

వారం తర్వాత ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఫ్యాను కూడా వేసుకోలేదు.

"ఇది మీ ఆఫీసు చేసిందే కదమ్మాయ్?"

"అవునత్తయ్యా."

"అయితే నా రాత ఏదీ?"

మధ్యాహ్నం నుంచి రాసిందట. ఆమెకు కూర్చుంటే ఏదీ గుర్తురాదు. రెండు వాక్యాలు రాయాలి, లేచి వరండాలో ఆ చివరి దాకా నడవాలి, మళ్లీ వచ్చి రాయాలి. అలా నడిచీ నడిచీ తమ్ముడు బేళ్లు ఎలా ఎక్కించేవాడో, ఒక్కటి ఎక్కువైనా ఎలా దింపించేవాడో, అన్నీ రాసి 'పంపు' నొక్కింది.

"నొక్కితే, ఎవరు నువ్వు అని అడిగింది. పేరు చెప్పాను, పాస్‌వర్డు చెప్పాను. లోపలికి రానిచ్చింది. తీరా చూస్తే గళ్లన్నీ ఖాళీ. మూడు గంటలు మనం చెప్పింది విని, ఆఖర్న నువ్వెవరు అని అడిగే మనిషిని ఏమంటారు?"

"మేనేజరంటారు," అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

నేనొక్కదాన్నే నవ్వాను. వెంటనే మానేశాను.

జరిగింది నాకు అర్థమైంది. పేజీ మారకుండా పదిహేను నిమిషాలు దాటితే మా సైటు మనిషిని మర్చిపోతుంది. మనం రాస్తూనే ఉన్నా దానికి తెలియదు. పంపినప్పుడు లాగిన్ పేజీ ముందుకొస్తుంది, దాని వెనక మనం రాసిందంతా నీళ్లపాలు.

మామయ్య కుర్చీలో పేపరు చదువుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "పోనీలే. మనం ఏం రాసినా వాళ్లు రాసుకునేది వాళ్లు రాసుకుంటారు."

"మీకు పోనీలే. వాడు నా తమ్ముడు."

ఆయన పేపరు మడిచారు. మడతలు సరిగ్గా కలిసేదాకా మళ్లీ మళ్లీ మడిచారు. తర్వాత చెప్పులేసుకుని నడకకు వెళ్లిపోయారు.

మా టీమ్ పెద్దను అందరం హెడ్మాస్టరు అనేవాళ్లం. చేతిలో సుద్దముక్క లేకపోయినా గాలిలో బోర్డు ఉన్నట్టు వేలితో రాస్తూ మాట్లాడతాడు. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికెళ్లి నిలబడ్డాను.

"తెలుసు. ముప్పైమంది ఫోన్ చేశారు. పదిహేను నిమిషాల్ని గంట చేద్దామంటే విచారణవాళ్లు ఒప్పుకోవడం లేదు. జనం నెట్ సెంటర్లలో తెరిచి అలాగే లేచిపోతారు, ఇంకొకరు చూస్తారు అని వాళ్ల భయం. ఆ రూలు అలాగే ఉండాలి, రాసింది పోకూడదు. ఏం చేస్తావో చూడు."

రెండు రోజులు నాకు అన్నం నీళ్లు గుర్తులేవు. దారి దొరికాక మాత్రం, ఇంత చిన్నదా అనిపించింది. పెద్ద దుకాణాల్లో గుమ్మం దగ్గర మన సంచి తీసుకుని టోకెన్ ఇస్తారు చూడండి, అదే. సైటు మనిషిని మర్చిపోయాక ఆ మనిషి 'పంపు' నొక్కితే, రాసిందంతా మూటకట్టి మా దగ్గర ఒక మూల పెడతాం. ఆ కంప్యూటర్‌కు ఒక టోకెన్ ఇస్తాం. మళ్లీ లాగిన్ అవగానే టోకెన్ చూసి మూట విప్పి ఏ గడిలోవి ఆ గడిలో సర్దేస్తాం. చివరికి పంపేదాకా మూట అక్కడే ఉంటుంది. గళ్ల పైన ఆకుపచ్చ రంగులో ఒక వాక్యం కూడా పెట్టాను. 'మీరు రాసినది భద్రంగా ఉంది.' ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి ఆరుసార్లు రాశాను.

హెడ్మాస్టరు గాలిలో ఒక గీత గీశాడు. "మళ్లీ లాగిన్ అయ్యేది ఆ మనిషేగా?"

"ఇంకెవరవుతారు సార్?"

ఆయన వేలు గాలిలో కాసేపు ఆగింది. ఎవరో ఫోన్ అని పిలిచారు. "సరే, వదిలెయ్" అని వెళ్లిపోయాడు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. మేం నలుగురం. ఒకరు లేచిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారన్నది నా బుర్రకు తట్టలేదు. ఆ రోజుల్లో ఇద్దరం ఒకే కప్పు, ఒకే గొడుగు, ఒకే దుప్పటి. ఎవరిది ఏదో వేరుగా గుర్తుపెట్టుకోవడం నేను మానేసిన రోజులవి.

ఆ సాయంత్రం నాకు మూడు బిస్కెట్లు దక్కాయి, కళ్ల పరీక్ష లేకుండానే.

అత్తయ్య మాత్రం వెంటనే రాయలేదు. "ఒకసారి ఏడ్చింది మళ్లీ అదే వరుసలో ఏడవమంటే ఎలాగమ్మా? కొంచెం టైమివ్వు," అంది. రోజులు గడిచాయి. గడువు ఇంకా మూడు రోజులుందనగా మామయ్య నన్ను వరండాలోకి పిలిచారు.

"నాకూ ఒక ఖాతా తెరిచిపెట్టగలవా? ఆ సైటులో."

"దానికేం మామయ్యా, రెండు నిమిషాలు."

"మీ అత్తయ్యకు చెప్పకు."

ఆమెకు తోడుగా ఈయన కూడా రాస్తారన్నమాట, చెప్పకుండా రాసి ఆశ్చర్యపరుస్తారన్నమాట అనుకున్నాను. నాకప్పుడు ప్రతి రహస్యమూ పుట్టినరోజు కానుకలాగే కనపడేది.

మర్నాడు పొద్దున అత్తయ్య కూరగాయలకు వెళ్లింది. మామయ్య ఒక్క వేలితో టైపు చేస్తున్న చప్పుడు గదిలోకి వినపడుతూనే ఉంది. ఒక చప్పుడు, చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక చప్పుడు. నేను సంచి తగిలించుకుని బయటికొచ్చేసరికి ఆయన ముందు లాగిన్ పేజీ ఉంది.

"పోయిందమ్మా."

"ఏం పోలేదు. మళ్లీ లాగిన్ అవ్వండి, అలాగే ఉంటుంది. నేనే చేశానది."

ఆయన చెయ్యి కీబోర్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "ఉంటుందా?"

"అక్షరం పోదు మామయ్యా."

ఆయన తెర వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ మొహంలో సంతోషం లేదని నేను గమనించాను. కానీ బస్సు టైము కూడా గమనించాను.

"నువ్వు బయల్దేరు, ఆలస్యమవుతుంది," అని లేచి, కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు.

తర్వాత చేస్తారులే అనుకుంటూ మెట్లు రెండేసి చొప్పున దిగాను.

ఆ సాయంత్రం ఆరైంది. మా ఆయన దుకాణంలో ఉన్నాడు. మామయ్య నడకకు వెళ్లారు. అత్తయ్య మొహం కడుక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని వచ్చి కుర్చీ లాక్కుంది.

"రామ్మా, ఇవాళ రాసేస్తాను. పక్కన కూర్చో. పదిహేను నిమిషాలు కాగానే మోచేత్తో పొడువు."

నవ్వుతూ స్టూలు జరుపుకున్నాను. ఆమె తన పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది. పేజీ తెరుచుకుంది. గళ్లన్నీ నిండి ఉన్నాయి. పైన ఆకుపచ్చగా, మీరు రాసినది భద్రంగా ఉంది.

"ఆ రోజు రాసింది తిరిగొచ్చిందా?" అని ఆమె ముందుకు వంగింది.

అది మామయ్య రాసిందని నాకు మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. నా చెయ్యి మౌసు మీదికి వెళ్లింది. ఒక్క నొక్కు చాలు, పేజీ మారిపోతుంది. ఆమె నా చేతిమీద తన చెయ్యి పెట్టింది.

"ఉండు."

కదలకుండా చదివింది. పక్కన నేనూ చదివాను.

'లిఫ్టు తాడును ప్రతి నెలా పరీక్షించవలసింది నేను. పైకప్పు మీది మోటారు గదిలోకి నిచ్చెన ఎక్కి వెళ్లి, గుడ్డతో తాడు పట్టుకుని జార్చాలి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. చూసినట్టు అక్కడుండే కార్డు మీద సంతకం చేయాలి. ఆ ఏడాది మోకాలి నొప్పి వల్ల మూడు నెలలు నేను నిచ్చెన ఎక్కలేదు. కార్డు కిందికి తెప్పించుకుని మూడు సంతకాలు ఒకేసారి పెట్టాను. మెకానిక్కులందరం అప్పుడప్పుడూ అలా చేసేవాళ్లం. ప్రమాదం తర్వాత తాడు చూశాను. అది ఆ రోజు తెగింది కాదు, నెలల తరబడి తెగుతూ వచ్చింది. నా బావమరిది ఎక్కించినవి పది బేళ్లే. పరిమితి కూడా పదే. అతని తప్పు ఏమీ లేదు. ఈ మాట చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.'

అత్తయ్య కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అడిగింది. "ఇది నా పేరు కిందికెలా వచ్చింది?"

చెప్పాను. టోకెను, మూట, మళ్లీ లాగిన్ అయ్యేది ఆ మనిషేనని నేను అనుకోవడం. చెబుతుండగానే ఇంకో సంగతి తట్టింది. మా ఇంట్లో ఇలా జరిగిందంటే ఇంకెన్ని ఇళ్లలో జరుగుతోంది? నెట్ సెంటర్లో ఒక కూలీ రాసి లేచిన కుర్చీలో మిల్లు మనిషే కూర్చుంటే?

"నేను ఆఫీసుకి ఫోన్ చేయాలి అత్తయ్యా. ఇప్పుడే."

"చేస్తే ఏమవుతుంది?"

"దాచినవన్నీ తుడిచేస్తారు. ఇది కూడా."

"చేయకపోతే?"

"ఇంకో ఇంట్లో ఇంకొకరు ఇలాగే చదువుతారు."

ఆమె కిటికీ వైపు చూసింది. "చెయ్యి."

"ముందు దీన్ని కాపీ చేసి పక్కన పెడతాను. ఒక్క నిమిషం."

"వద్దు." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఆయన రాసింది నువ్వు దాచకు, నేనూ దాచను. పంపితే ఆయనే పంపాలి. లేదంటే పోతుంది."

హెడ్మాస్టరు రెండో మోతకే ఎత్తాడు. విషయం చెప్పాను.

"ఎవరిది ఎవరికి కనపడింది?"

"మా మామయ్యది మా అత్తయ్యకి."

ఆ చెయ్యి గాలిలో ఎక్కడ ఆగి ఉంటుందో నాకు తెలుసు. "నేనూ అడిగి వదిలేశాను," అన్నాడు నెమ్మదిగా. "సైటు ఆపేసి మొత్తం తుడిపిస్తాను. పది నిమిషాలు పడుతుంది."

గోడ గడియారంలో ఆరూ పన్నెండు.

మామయ్య నడకకు వెళ్లేటప్పుడు ఫోన్ పట్టుకెళ్లరు. వరండాలోంచి తొంగిచూస్తే వీధి మలుపులో, చెప్పులు కుట్టే ఆయన పక్కన నిలబడి కబుర్లు చెబుతున్నారు. పిలిస్తే వినపడదు. చెప్పులు కూడా లేకుండా మూడంతస్తులు దిగి పరిగెత్తాను.

"ఏమైందమ్మా?"

"మీరు పొద్దున రాసింది... అత్తయ్య లాగిన్ అయితే వచ్చింది మామయ్యా. తప్పు నాది."

ఆయన నా మొహం చూశారు గానీ నన్ను చూడలేదు. "చదివిందా?"

"చదివారు."

"ఎంతవరకు?"

"అంతా."

చెప్పులు కుట్టే ఆయన సూది పట్టుకుని మా ఇద్దరి వంకా చూస్తున్నాడు. నేను మిగతాది గబగబా చెప్పేశాను. ఆరూ ఇరవై రెండుకల్లా తుడిచేస్తారు, పంపాలంటే ఈలోపే పంపాలి, మీరే పంపాలట.

మామయ్య కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. కుడికాలు పైమెట్టు మీద, ఎడమకాలు దాని పక్కకు. మళ్లీ కుడికాలు. మొదటి అంతస్తు దగ్గర నిలబడిపోయారు.

"నేను ఎక్కేసరికి టైము దాటిపోతుందేమో," అన్నారు.

ఆ మాట అడ్డుపెట్టుకుని ఆయన అక్కడే ఆగిపోవచ్చు. ఎవరూ ఏమీ అనలేరు. నేను భుజం ఇవ్వబోయి ఊరుకున్నాను. ఆయన కిందికి చూశారు, పైకి చూశారు. తర్వాత కమ్మీ రెండు చేతులతో పట్టుకుని ఎక్కారు.

లోపలికొచ్చేసరికి ఆరూ పద్దెనిమిది. అత్తయ్య లాగౌట్ అయి, కుర్చీ గుమ్మం వైపు తిప్పి, తను కిటికీ దగ్గర వీపు మాకు పెట్టి నిలబడి ఉంది.

"కూర్చోండి. మీ పేరుతో వెళ్లండి."

ఆయన కూర్చున్నారు. పాస్‌వర్డు తప్పు అంది. నేను గడియారం చూడకూడదనుకుంటూ చూశాను. రెండోసారి తెరుచుకుంది. గళ్లు నిండాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మొదటి వాక్యం నుంచి చదవబోయారు.

"చదవకండి," అంది అత్తయ్య కిటికీలోకి చూస్తూనే. "చదివితే మారుస్తారు."

మామయ్య 'పంపు' నొక్కారు.

తెల్లటి పేజీ మీద రసీదు సంఖ్య వచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక నేను కాగితం మీద రాసుకున్నాను. ఇంకో పేజీ తెరవబోతే, సైటు కాసేపు అందుబాటులో ఉండదు అని వచ్చింది. అత్తయ్య అప్పటికి వంటగదిలోకి వెళ్లిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. అది చాలాసేపు ఆగలేదు.

మా ఆయన ఎనిమిదింటికి వచ్చాడు. విన్నాడు. బిస్కెట్ల మాట ఎత్తలేదు. వెళ్లి వరండాలో నాన్న పక్కన నేలమీద కూర్చున్నాడు.

మర్నాడు టోకెన్ మీద పేరు రాశాను. రాసిన మనిషి లాగిన్ అయితేనే మూట విప్పేలా చేయడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మామయ్యది కాక ఇంకో ఏడుగురివి పక్కవాళ్లకు కనపడ్డాయని లెక్క తేలింది. ఏడుగురికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు తిట్టారు. ఒకామె, "మా ఆయన చదివాడా? చదవనీ, నోటితో చెప్పలేక చస్తున్నాను," అంది. విచారణవాళ్లకు సంజాయిషీ రాశాను. హెడ్మాస్టరు దాని కింద నా పేరు పక్కన తన పేరు కూడా రాశాడు.

చివరి రోజున అత్తయ్య తన వాంగ్మూలం రాసింది. వరండాలో నడవలేదు. ఒక్క సిట్టింగులో, పదిహేను నిమిషాలు కాకముందే అయిపోయింది. నేను చూడలేదు.

ఆ రోజు నుంచి ఆమె మామయ్యతో మాట్లాడటం మానేసింది. కోపంగా కాదు, చాలా మర్యాదగా. టీ తెచ్చి ఆయన పక్కనే పెట్టి, "మీ మామయ్యకు టీ అక్కడుందని చెప్పమ్మా," అనేది. నేను ఆయన వైపు తిరిగి, "టీ మామయ్యా," అనేదాన్ని. ఆయన, "బాగుందని చెప్పు," అనేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. పదోరోజుకి మా ఆయన నా చెవిలో, "నీకు దుబాసీ జీతం ఇప్పించాలి," అన్నాడు. ఆ బాధ మధ్యలో కూడా నవ్వొచ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

విచారణ నివేదిక రావడానికి తర్వాత ఏడాది పట్టింది. లిఫ్టులో బరువు పరిమితి దాటలేదు అని అందులో ఒక్క వాక్యం ఉంది. అత్తయ్య ఆ పేజీని తమ్ముడి ఫోటో వెనక పెట్టింది. కానీ నా లెక్కలో ఆ వేసవి అయిపోయింది, విచారణకు సాక్షుల్ని పిలిచిన రోజునే.

నలుగురం వెళ్లాం. బస్సులో అత్తయ్య నా పక్కన, మామయ్య కొడుకు పక్కన. హాలు బయట బల్ల వేసుకుని ఒక గుమస్తా పేర్లు రాసుకుంటున్నాడు. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"చిరునామా ఒకటే ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?"

మామయ్య నేలవైపు చూశారు. నేను నా పాత అలవాటు ప్రకారం జవాబు మోయడానికి సిద్ధమయ్యాను.

"ఉంటున్నాం," అంది అత్తయ్య.

"ముందెవరు చెబుతారు?"

"ఆయన. ఆయన చెప్పేటప్పుడు నేను లోపల కూర్చోవచ్చా?"

"కుదరదమ్మా. మీరూ సాక్షే కదా. ఒకరి మాట విని ఇంకొకరు మార్చి చెబుతారని రూలు."

"నేను చెప్పాల్సింది ముందే రాసి పంపాను. మార్చడానికి ఏమీ లేదు. సాక్షిగా కాదు బాబూ, ఇంటిమనిషిగా అడుగుతున్నాను."

గుమస్తా లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు. "మీ వాంగ్మూలం రాసిందే తీసుకుంటారట. మళ్లీ అడగరు. లోపల ఉండొచ్చు, కానీ ఆయన చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు."

"మాట్లాడను," అంది అత్తయ్య. "నెలరోజులుగా అలవాటే."

మామయ్య తలుపు తీసి పట్టుకుని, ఆమె లోపలికి వెళ్లేదాకా అలాగే నిలబడ్డారు.